నవ్వకుండ నవ్వించువారు



నవ్వు నాలుగు విధముల చేటని మన పెద్దలొక సామెత చెప్పిరి. ఆ సామెత చెప్పిన పెద్దలే పొద్దు గ్రుంకిన పిమ్మట అరుగులమీద చేరి, కడుపు చెక్కలగునట్లు నవ్వుకొని ఇండ్లకు పోయెడివారు. ఆ గుంపులో ఒకడు మాత్రము నవ్వెడివాడు కాడు. అందరిని నవ్వించినవాడు వాడే. అనవలసిన మాట అనివేసి, ఏమియు ఎరుగనివానివలె చుట్ట ముట్టించుకొనుచు కూర్చుండెడివాడు. ఇట్టి మనిషి ప్రతి ఊరిలోను ఒకడుండును. వాని విద్యను గూర్చియు, ఆ విద్యను బుల్లితెరమీదికి తెచ్చినవారిని గూర్చియు నేడు మనవి చేయదలచితిని.

భరతముని నాట్యశాస్త్రమున హాస్యమును రెండు తెగలుగా చెప్పినాడు. తాను నవ్వుట ఆత్మస్థము. ఎదుటివారిని నవ్వించుట పరస్థము. చిరునవ్వు మొదలు పగలబడి నవ్వుటవరకు నవ్వునకు ఆరు మెట్లుకూడ చెప్పినాడు. ఈనాటి మన విషయము పరస్థము. అందును ఆత్మస్థము బొత్తిగా కలియని పరస్థము. నటుని మొగము చెదరదు, కంఠము మారదు, కనుబొమ కదలదు. చావుకబురు చల్లగా చెప్పుట అని మనవారందురే, ఆ చల్లదనమే ఈ హాస్యమునకు ఆయువుపట్టు.

ఇది పడమటి దేశములనుండి దిగుమతియైన సరకని కొందరి అభిప్రాయము. పిట్టలదొరను చూచినవారు ఆ మాట అనరు. చిరిగిన ఖాకీ కోటు, తలమీద టోపీ, చేత కట్టెతుపాకి. ఈ వేషముతో ఆయన వాకిట నిలిచి, తన ఆస్తిపాస్తులను, తన పరాక్రమమును ఏకరువు పెట్టును. లేని మేడలు, పారని యేరులు, కాయని తోటలు ఆయన మాటలలో వరుసగా వచ్చును. ఒక్క అబద్ధమునకైనను ఆయన మొగమున నవ్వు పొడసూపదు. తాసిల్దారు ఎదుట వాఙ్మూలము ఇచ్చుచున్నవాని గాంభీర్యముతో చెప్పును. వినువారు నవ్వి నవ్వి బియ్యము పోయుదురు. ఆయన వేసికొన్న కోటు ఎవరిదో, ఆ ధోరణి ఎవరిదో ఆలోచించినచో, ఆ నవ్వు వెనుక దొరతనముమీద ఒక చురక ఉన్నదని తోచును. చురక వేసినవానిని ఎవరును పట్టుకొనలేరు. ఏలనన, ఆయన నవ్వలేదు గదా!

సముద్రమున కావల, మూకీచిత్రముల కాలమున బస్టర్ కీటన్ అను నటుడుండెను. 1895లో పుట్టి 1966లో గతించిన ఈ అమెరికా నటునికి రాతిమొగమువాడని పేరు. 1928లో వచ్చిన ఆయన చిత్రమొకదానిలో ఒక ఇంటి ముందుగోడ అమాంతముగ ఆయనమీద కూలును. ఆయన నిలిచిన చోటికి సరిగా కిటికీ సందు వచ్చుటచేత ప్రాణము దక్కును. ఆ క్షణమున ఆయన మొగములో భయము లేదు, సంతోషము లేదు. లోకము తలక్రిందులైనను తాను మాత్రము నిమ్మకు నీరెత్తినట్లుండుట ఆయన సంపాదించిన ఐశ్వర్యము.

ఇక బుల్లితెర సంగతి. మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రయోగరూపమున ఆరంభమయ్యెను. తెలుగువారికి హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో వచ్చెను. నాటకశాలలో నటుడు వెనుకవరుసలోని ప్రేక్షకునికి సైతము అందునట్లు చేతులు చాచి, గొంతెత్తి నటింపవలెను. టెలివిజను అట్లు కాదు. అది మన ఇంటిలో, మనకు నాలుగడుగుల దూరమున కూర్చుండును. ఇంటికి వచ్చిన చుట్టము కేకలు వేసినచో మనము చెవులు మూసికొందుము. మెల్లగా ఒక్క మాట అన్నచో చెవి యొగ్గి వినెదము. కావున మొగము చెదరని హాస్యమునకు బుల్లితెర పుట్టినిల్లువంటిది.

ఈ పుట్టింటినుండి తెలుగువారికి లభించినవారిలో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు ముఖ్యులు. ఆయన 1954 సెప్టెంబరు 20వ తేదీన అద్దంకి ప్రాంతమున బల్లికురవ మండలములోని కొమ్మినేనివారిపాలెములో జన్మించిరి. ఒంగోలులో చదివిరి. నాటకరంగమున మెరుగుదేరిరి. ప్రభుత్వోద్యోగము చేసిరి. దూరదర్శన్‌లో వచ్చిన ‘ఆనందో బ్రహ్మ’ హాస్యధారావాహిక ఆయనను ఇంటింటికి పరిచయము చేసెను. వ్రాయుట, నడపించుట, నటించుట అను మూడు పనులును తెలిసినవాడు బుల్లితెరకు దొరకుట అరుదు. ఆయన అట్టివారు. 1989లో జంధ్యాల గారి ‘జయమ్ము నిశ్చయమ్మురా’తో వెండితెరమీద అడుగుపెట్టిరి. నరేష్ కథానాయకునిగా ‘తోకలేని పిట్ట’ అను చిత్రమునకు తాము దర్శకత్వము వహించిరి. తరువాతి కాలమున వందలకొలది చిత్రములలో కనిపించిరి. కొంతకాలము రాష్ట్ర సాంస్కృతిక మండలికి అధ్యక్షులుగానుండిరి. 2013 డిసెంబరు 7వ తేదీన, అరువదియేండ్లు నిండకమునుపే, హైదరాబాదులో కన్నుమూసిరి.

జీవితచరిత్రలోని ఈ పంక్తులలో హాస్యమునకు సంబంధించిన కీలకము ‘ప్రభుత్వోద్యోగము’ అను మాటయందు ఉన్నదని నా నమ్మకము. కచేరీలో పనిచేసినవానికి ఒక విశేషమైన భాష పట్టుబడును. అందులో కోపము లేదు, జాలి లేదు, కర్తయే లేడు. ‘పరిశీలింపబడుచున్నది’ అందురు, ఎవరు పరిశీలించుచున్నారో ఎవరును చెప్పరు. ‘తగు చర్య తీసికొనబడును’ అందురు, ఎప్పుడో చెప్పరు. ఆ భాషను అదే మొగముతో, అదే స్వరముతో మరియొక సందర్భమునకు తగిలించినచో చాలును, హాస్యము తనంతట తానే పుట్టును. 2001లో తేజ దర్శకత్వమున వచ్చిన ‘నువ్వు నేను’లో ధర్మవరపు వారు కళాశాల అధ్యాపకుడు. 2003లో వచ్చిన ‘ఒక్కడు’లో పాస్‌పోర్టు అధికారి. ఇవి రెండును కుర్చీలో కూర్చున్నవాని పాత్రలే. కుర్చీ ఇచ్చిన మర్యాదను, లోపలనున్న చపలత్వమును పక్కపక్కన నిలిపి, రెంటిని సమానమైన గాంభీర్యముతో చూపుటలో ఆయన సిద్ధహస్తులు. పాత్ర తన్ను తాను గౌరవించుకొన్నంతకాలము మనము నవ్వెదము. పాత్రయే ‘నేను నవ్వులపాలగుచున్నాను’ అని కన్నుగీటినచో ఆ నవ్వు ఆగిపోవును.

ఉత్తరాదిన ఇదే విద్యను ఇంకను పదును పెట్టినవారు జస్పాల్ భట్టి గారు. 1955 మార్చి 3వ తేదీన అమృతసరములో పుట్టి, చండీగఢ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, ‘ట్రిబ్యూన్’ పత్రికలో వ్యంగ్యచిత్రములు గీసినవారు. దూరదర్శన్‌లో ‘ఉల్టా పుల్టా’ అను చిన్న చిన్న ముక్కలతో పేరు తెచ్చుకొనిరి. 1989లో ‘ఫ్లాప్ షో’ వచ్చెను. వ్రాసినవారు, దర్శకులు, ప్రధాననటులు ఆయనయే. భార్య సవితా భట్టి గారు నిర్మాతయు నటియు. అన్నియు కలిసి పది భాగములు మాత్రమే. కాని ముప్పదియైదేండ్లు దాటినను జనులు మరువలేదు.

ఆ పది భాగములలో ఏమున్నది? వైద్యపు బిల్లులు వ్రాయించుకొని సొమ్ము రాబట్టుకొను ఉద్యోగి, పరిశోధకవిద్యార్థిచేత ఇంటిపని చేయించుకొను ఆచార్యుడు, కట్టడములు కట్టు కంట్రాక్టరు, పలుకని టెలిఫోను. ఒక్కొక్క భాగమును అట్టివారికే సగౌరవముగ అంకితమిచ్చెడివారు. దర్శకుడని వ్రాసికొనవలసినచోట అపదర్శకుడను అర్థము వచ్చునట్లు పేరు వేసికొనెడివారు. తిట్టు ఒక్కటియు లేదు. లంచమిచ్చువాడు, పుచ్చుకొనువాడు మిక్కిలి మర్యాదగా, ఇంటి పెండ్లిపనులు మాటలాడుకొన్నట్లు మాటలాడుకొందురు. ఆ మర్యాదయే మనలను ఉలికిపడునట్లు చేయును. ప్రభుత్వపు ప్రసారసాధనముమీదనే ప్రభుత్వపు కచేరీలను ఈ రీతిగా అద్దములో చూపుట సాధ్యమయ్యెనన్న, దానికి ఆ శాంతమైన మొగమే చాలవరకు కారణము. 2012 అక్టోబరు 25వ తేదీన, తమ చిత్రము ‘పవర్ కట్’ విడుదలకు ముందునాడు, జలంధరు సమీపమున కారు ప్రమాదములో భట్టి గారు మరణించిరి. మరుసటి సంవత్సరము భారతప్రభుత్వము పద్మభూషణ్ ఇచ్చెను. తమ కచేరీలను ఎగతాళి చేసినవానికి ఆ కచేరీలలోనే ఫైలు నడచి బిరుదు వచ్చినది. భట్టి గారు బ్రతికియున్నచో ఆ ఫైలుమీదనే ఒక భాగము తీసియుండెడివారు.

మరల తెలుగునాటికి వచ్చెదము. 2001 నవంబరులో జెమిని టెలివిజనులో ఆరంభమై 2007 నవంబరువరకు నడచిన ‘అమృతం’ ధారావాహికను గుణ్ణం గంగరాజు గారు రూపొందించిరి. అమృతరావు, ఆంజనేయులు అను ఇద్దరు మిత్రుల హోటలు కష్టములు అందలి కథ. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గారు తుదివరకు నవ్వులు పండించి, 2018 ఫిబ్రవరిలో స్వర్గస్థులైరి. నా దృష్టిలో ఈ సాయంకాలపు విషయమునకు సరియైన ఉదాహరణము ఇంటి యజమాని అప్పాజీ పాత్ర. శివన్నారాయణ గారు ఆ పాత్రను ధరించిరి. అద్దె అడుగుటకు వచ్చిన యజమాని అరచినచో అది మామూలు సంగతి. అరవకుండ, తొణకకుండ, ప్రతి మాటను బరువు తూచి యిచ్చినట్లు చెప్పినచో కిరాయిదారునికి గుండెలో రాయి పడును, చూచువానికి నవ్వు పొంగును.

ఇంతవరకు మొగమును గూర్చి మాటలాడితిని. మా రేడియోలో మొగము లేదు. అయినను ఈ హాస్యము ఉన్నది. ఇక్కడ మొగము చేయవలసిన పనిని కంఠము చేయవలెను. ఒక చిన్న కల్పన చెప్పెదను. ఉద్యోగవిరమణ చేసి పింఛను తీసికొను పెద్దలు తాము బ్రతికియున్నట్లు ఏటేట ఒక ధ్రువపత్రము దాఖలు చేయవలెనుగదా. అట్టి పెద్దాయన ఒకడు కచేరీకి వచ్చినాడనుకొనుడు.

‘ఈ ఏటిది సరే తాతా, పోయిన ఏటిది లేదే?’ అని గుమాస్తా అడుగును.

‘పోయిన ఏడు బ్రతికే ఉన్నానో లేదో నాకూ గుర్తులేదు బాబూ. మీ పుస్తకంలో ఎట్లా ఉందో చూసి చెప్పండి. దాని ప్రకారమే నడుచుకుంటాను’ అని పెద్దాయన చెప్పును.

ఈ మాటను మూడు విధముల పలుకవచ్చును. కోపముతో పలికినచో అది జగడము. ఏడుపుగొట్టుగా పలికినచో అది కరుణరసము. వినువాడు అయ్యో అని ఊరకుండును. చదునుగా, మంచినీళ్లు అడిగినట్లు పలికినచో మాత్రమే గుమాస్తా చేతిలోని కలము ఆగును. వాక్యము తుదిని స్వరము లేవరాదు. ‘దాని ప్రకారమే’ అనుటకుముందు ఒక్క ఊపిరి తీసికొను వ్యవధి ఉండవలెను. రెండు ఊపిరులు పట్టినచో నటుడు నవ్వునకు కాచుకొనియున్నాడని శ్రోత పసిగట్టును. అన్నిటికంటె ముఖ్యముగా, పెద్దాయనకు ఆ గుమాస్తామీద నిజముగానే గౌరవముండవలెను. వెటకారము వ్రాసినవానిలో ఉండవచ్చును, పాత్రలో ఉండరాదు. ప్రసారమునకు ముందు రిహార్సలులో మేము అన్నిటికంటె ఎక్కువ కాలము వెచ్చించునది ఇట్టి వాక్యములమీదనే. పెద్ద ఏడ్పులు ఒక్క పూటలో వచ్చును. ఈ చదునుదనము రాదు.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. ఈ నవ్వు ఎవరిమీద పడవలెను?

ఈ ప్రశ్న మైదానములకంటె కొండలమీద నిలిచి అడిగినచో బాగుగా అర్థమగును. నేను గూడెం కొత్తవీధి శ్రోతలను తలచుకొని మాటలాడుచున్నాను. సీలేరు, సప్పర్ల, దారకొండ, రింతాడ పల్లెలకు రేడియో ముందు వచ్చెను. టెలివిజను బొమ్మ కొండల చాటున నిలుచుటకు చాలకాలము పట్టెను. 2004 డిసెంబరులో దూరదర్శన్ ఉచితముగ గొడుగు యాంటెన్నాలకు ప్రసారములు పంపుట మొదలుపెట్టిన పిమ్మట ఇట్టి మారుమూలలకు దారి సుగమమయ్యెను. బొమ్మ రాగానే మన్యపువారు అందులో తమ్ము తాము వెదకికొనిరి. కనిపించినదేమి? ఈకల కిరీటము, అర్థములేని కేకలు, నోరు తిరుగని తెలుగు. చిత్రములలోను, హాస్యకార్యక్రమములలోను కొండమనిషి అన్నచో అదే నమూనా. భగతలు, కొండదొరలు, కోదులు, వాల్మీకులు, కమ్మరులు కలిసి బ్రతుకు చోట, ఒక్క సంతలో రెండు మూడు భాషలలో బేరమాడగల మనిషిని, మాటరానివానిగా చూపి నవ్వించుట హాస్యము కాదు, అజ్ఞానము. పైగా అందులో ధైర్యము లేదు. జవాబు చెప్పుటకు తావులేనివానిని చూచి నవ్వుటకు రాతిమొగము అక్కరలేదు.

ధర్మవరపు వారు, భట్టి గారు నవ్వించినది కుర్చీని చూపి. పిట్టలదొర నవ్వించునది దొరతనమును చూపి. ఈ విద్యకు అదియే ధర్మమని నేననుకొందును. బలవంతుని ఎదుట నవ్వరాదు గనుక మొగము బిగించుకొనుట పుట్టినది. ఆ బిగింపు బలహీనునిమీద ప్రయోగించినచో అది క్రూరత్వమగును.

మన్యమునకు ఈ సంగతి కొత్త కాదు. 1922కు ముందు ఇచ్చట డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ చాలీచాలని కూలికి ఘాటురోడ్డు పని చేయించుట జనులలో రగిలిన కోపమునకు ఒక కారణమయ్యెను. ఆ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసు ఠాణామీద పడి ఆయుధములు తీసికొనెను. తరువాత ఆయన చేసిన పని చూడుడు. ఏయే వస్తువులు ఎన్నెన్ని తీసికొనిపోవుచున్నాడో ఠాణా పుస్తకములో పద్దు వ్రాసి, క్రింద సంతకము చేసెను. కొల్లగొట్టిన తుపాకులకు రశీదు! అది పరిహాసమునకై చేసినది కాదు, దాపరికములేని యుద్ధనీతి. అయినను ఇంతకంటె గంభీరమైన ఎత్తిపొడుపు ఏ నాటకకర్తయు వ్రాయలేదు. కాగితముతో జనులను పాలించిన ప్రభుత్వమునకు కాగితముతోనే జవాబు చెప్పినాడు, ప్రభుత్వపు పుస్తకములోనే, ప్రభుత్వపు పద్ధతిలోనే. ఆ దినము ఆ పుటను చదివిన అధికారి మొగము ఎట్లుండెనో ఊహించుకొనుడు.

ఇక తుదిమాట. హాస్యమును మనము చులకనగా దాచుకొందుము, అనగా దాచుకొనము. ఇంగ్లండులో పీటర్ కుక్ అను గొప్ప హాస్యరచయిత, నటుడు ఉండెను. పార్కుబెంచీమీద కూర్చుండి, ఒకే స్వరములో లోకమంతటిని గూర్చి ఉపన్యసించు పాత్ర ఆయన సృష్టి. 1965 నుండి 1970 వరకు డడ్లీ మూర్‌తో కలిసి బి.బి.సి.లో ఆయన నడపిన కార్యక్రమములో అనేక భాగములను, టేపులు తిరిగి వాడుకొనుటకై, చెరిపివేసిరి. అంత సంపన్నమైన సంస్థలోనే ఇది జరిగినది. చెరిపినవారు చెడ్డవారు కారు. అది నవ్వులాట, రేపటికి అక్కరలేదని తలచినవారు. మన బుల్లితెర తొలినాళ్ల హాస్యము విషయమున మనము ఆ తలపునకు లోబడరాదు. ఒక తరము ఏ కచేరీకి భయపడెనో, ఏ మాటకు ఊరట చెందెనో తెలిసికొనుటకు ప్రభుత్వనివేదికలకంటె ఒక మంచి హాస్యభాగము ఎక్కువ ఉపకరించును.

గూడెం కొత్తవీధి పరిసరముల యువతీయువకులకు నా మనవి. మీ సంతలలో, కాఫీతోటలలో, బస్సు కొరకు కాచుకొనియుండు చోట్ల మొగము చెదరక మాటలాడు పెద్దలున్నారు. వారి మాటలను వారి పలుకుబడిలోనే వ్రాసికొనుడు. మైదానపు తెలుగునకు దిద్దవలదు. వ్రాసినదానిని ఒకసారి పైకి చదువుడు. చదువునప్పుడు మీకు నవ్వు వచ్చినచో, రానంతవరకు మరల చదువుడు. అప్పుడు అది ప్రసారమునకు సిద్ధమైనట్లు. అట్టి రచన మన్యమునుండి వచ్చిననాడు, కొండమనిషిని చూచి నవ్వు అలవాటు పోయి, కొండమనిషి చూపినదానిని చూచి నవ్వు కాలము వచ్చును.

ఇంతసేపు నేను ఒక్కసారియైన నవ్వలేదని మీరు గమనించియుందురు. అది విషయమునకు ఇచ్చిన గౌరవము. సెలవు.